సూదికి ముందు అడిగిన మాట

నేను చెప్పిన అబద్ధాలు ఎన్నో నాకే తెలియదు. వాటివల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు గుర్తులేదు. బీదర్‌లో మా కిరాయి సైకిళ్ళ దుకాణం ముందు బల్ల మీద కూర్చునేవాళ్ళు చాయ్‌లో బిస్కట్ ముంచుకున్నట్టు నా మాటల్లో మధ్యాహ్నాన్ని ముంచుకునేవాళ్ళు. ఒట్టు తప్పి మరీ చెప్పిన నిజం మాత్రం నా బతుకులో ఒక్కటే ఉంది. దానితో నా ప్రాణస్నేహితుడు పోయాడు. పోయాడంటే చచ్చిపోలేదు. నిక్షేపంలా ఉన్నాడు. నాకే లేకుండా పోయాడు.

రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన కొత్తలు అవి. దవాఖాన గేటు మీద కొత్త పేరు రాశారు గానీ లోపల దుప్పట్ల మీద పాత పేరు ముద్రే ఉండేది. నాకప్పుడు పాతికేళ్ళు దాటాయి, పెళ్ళి కాలేదు, నోటికి తాళం లేదు. ఆ స్నేహితుణ్ణి మావాడనే అంటాను. వాడిది బీదర్ పక్కనున్న కమఠాణ ఊరు. రోజూ పొద్దున్నే సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని బీదర్ హోటళ్ళకు పాలు పోసేవాడు. పాలు పోశాక నా దుకాణంలో గంటసేపు కూర్చుని నా కోతలు వినందే ఊరికి పోయేవాడు కాదు. నేను ఎంత పెద్ద కోత కోసినా "ఇంకింత పెంచు భై, ఇది సాలదు" అనేవాడు. అటువంటి శ్రోత దొరికితే ఎవడు మాత్రం నిజం చెబుతాడు?

వాళ్ళ ఇల్లు తరతరాలుగా పండరి విఠోబాను నమ్ముకున్న ఇల్లు. ఇంట్లో మగవాళ్ళందరి మెడల్లో తులసిమాల ఉండేది. మాల వేసుకున్నవాడు మాంసం ముట్టకూడదు, ఏకాదశినాడు నీళ్ళు కూడా తాగకూడదు. ఏటా ఆషాఢంలో కమఠాణ చుట్టుపట్ల నుంచి ఒక గుంపు కాలినడకన పండరికి పోయేది. ఆ గుంపులో వీణ పట్టినవాడే పెద్ద. నలభై ఏళ్ళుగా ఆ వీణ మావాడి నాన్న చేతిలో ఉంది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఆషాఢానికి వీణ కొడుకు చేతికి రావాలి. కొడుకు మాల తప్పాడని తెలిస్తే మాత్రం వీణ ఆ గడప దాటి ఇంకో ఇంటికి పోతుంది. మళ్ళీ రాదు.

మావాడికి ఉన్న రోగం ఒకటే, ఖీమా. ఎట్లా అంటిందో వాడికీ తెలియదు. పాలు పోసే హోటల్లో పొద్దున్నే పొయ్యి మీద అది ఉడికే వాసన పీల్చి పీల్చి పాడయ్యానని చెప్పేవాడు. ఊరి బయట మూడు మైళ్ళ దూరంలో, లారీలు ఆగే చోట ఒక చిన్న హోటల్ ఉండేది. నెలకోసారి అక్కడికి పోయేవాళ్ళం. కూర్చునేముందు వాడు మాల తీసి కళ్ళకద్దుకుని నా చొక్కా జేబులో వేసేవాడు.

"దేవుడు నీ జేబుల కూసుంటడు. ఆడికెల్లి నా పళ్ళెం గనవడది," అనేవాడు.

"నా పళ్ళెం గనవడ్తదిగదరా?"

"నీ సంగతి ఆయనకెర్కనే. నువ్వు గొత్తగ జేసే పాపమేముంది?"

అన్నిరోజులూ ఒక ఎత్తు, ఆనాటి ఏకాదశి ఒక ఎత్తు. బీదర్‌లోని విఠోబా గుడిలో పొద్దుటి నుంచి భజన. మావాడి నాన్న వీణ పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. మావాడు తాళాలు వాయిస్తూ వాయిస్తూ పక్కవాడి చేతిలో పెట్టి, ఒంటికి పోయివస్తానని చెప్పి తిన్నగా నా దుకాణానికి వచ్చాడు.

"అరే, ఇయ్యాల ఏకాదశిరా," అన్నాను. నాకే భయమేసింది.

"అందుకేరా. తినద్దనంగనె పానం గుంజుతున్నది. నడు, పోయొద్దాం. హారతి టైముకల్ల మల్లొస్త."

దుకాణంలో ఒక సైకిల్ తీసుకుని పోయాం, తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు వాడు తొక్కుతున్నాడు, నేను వెనక క్యారియర్ మీద కూర్చుని కథ చెబుతున్నాను. నిజాం కాలంలో మా తాత బర్రె కోటలో మేస్తూ మేస్తూ పెద్ద ఫిరంగి గొట్టంలోకి దూరి అందులోనే ఈనిందనీ, అదే సమయానికి ఎవడో తెలివితక్కువ సిపాయి బత్తి అంటించాడనీ, దూడ గాలిలో ఎగిరి భాల్కి సంతలో దిగి లేచి నిలబడి పాలు అడిగిందనీ. వాడు పడీపడీ నవ్వుతున్నాడు. "పాలు ఏ బాషల అడిగిందిరా?" అని వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. అంతే. ముందుచక్రం రోడ్డు దిగింది. నేను కంకరలో పడ్డాను. వాడి తల మైలురాయికి తగిలింది.

నేను లేచేసరికి వాడు కూర్చుని ఉన్నాడు. చెవి పైన చిన్న గాయం, పెద్ద రక్తమేమీ లేదు. కళ్ళు తేటగానే ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను. వాడు మొదట అడిగింది మాల గురించి. నా జేబు తట్టి చూపించాను. మెడలో వేయబోతే ఆపాడు, నోరు కడుక్కోకుండా వద్దన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని దెబ్బ తగిలిన తల మీద పెట్టుకున్నాడు.

"ఒట్టెయ్యి. మనమేడికి వోయినం, ఏం దిన్నం, ఎవ్వరికి జెప్పొద్దు. మా నాయినకైతె అస్సల్ జెప్పొద్దు."

"జెప్పరా బాబూ."

"అట్ల గాదు. నా తల మీద ఒట్టు అను."

అన్నాను. తల మీద ఒట్టు తప్పితే ఆ తల పగిలిపోతుందంటారు మా దిక్కు. నా అరచెయ్యి తడిగా అంటుకుంది.

రెండు ఫర్లాంగులు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాం. వాడు తల నొస్తున్నదన్నాడు. తర్వాత నిద్రొస్తున్నదన్నాడు. చింతచెట్టు కింద కూర్చోబెడితే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగి గురకపెట్టడం మొదలుపెట్టాడు. లేపితే లేవలేదు. అది నిద్ర గురక కాదని నాకు కూడా అర్థమైంది. గొంతులో నీళ్ళు పోసి పుక్కిలించినట్టు చప్పుడు. ఇటుకల లారీ ఒకటి వస్తే రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

దవాఖానలో ఉన్న డాక్టర్ మైసూరు వైపు నుంచి వచ్చినాయన. వయసులో నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. ఆయన కన్నడంలో చెప్పేది సిస్టరమ్మ మాకు తెలుగులో చెప్పేది. ఎవరో గుడికి పరుగెత్తి కబురు చెప్పారు. మావాడి నాన్న నుదుట నల్లటి బుక్కా బొట్టు చెదరకుండా, భుజం మీద తెల్లటి ఉత్తరీయంతో, చెప్పులు లేకుండా వచ్చాడు. ఆయన్ని నేను మామ అనేవాణ్ణి. వచ్చీరాగానే కొడుకు పాదాలు పట్టుకున్నాడు.

డాక్టర్ మావాడి కంట్లో టార్చి వేసి చూశాడు. ఒక కంటిపాప పెద్దదవుతోందట. రెండు చేతులూ గిల్లి చూశాడు. కుడి చెయ్యి మావాడు వెనక్కి లాక్కున్నాడు, ఎడమ చెయ్యి కొంచెమే కదిలింది. అదంతా ఒక కాగితం మీద రాసుకున్నాడు. తల లోపల నెత్తురు గడ్డకడుతోందనీ, హైదరాబాద్ తీసుకుపోతే తప్ప లాభం లేదనీ, ఆ దూరం ఈ గురకతో పోలేడు కాబట్టి ఊపిరి గొట్టంలోకి రబ్బరు గొట్టం వేసి తీసుకుపోవాలనీ చెప్పాడు. చెబుతూనే పళ్ళెంలో మూడు సూదులు సిద్ధం చేయిస్తున్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. "వాడు పడి ఉన్నదే సోయి లేక. మల్ల మత్తుసూదెందుకమ్మా?" అన్నాను సిస్టరమ్మతో.

డాక్టర్ విసుక్కోలేదు. మనిషికి తెలివి లేకపోయినా గొంతుకు తెలివి ఉంటుందన్నాడు. మందు ఇవ్వకుండా గొట్టం దూరిస్తే గొంతు తిరగబడుతుంది, దగ్గొస్తుంది, వాంతికొస్తుంది. ఆ గుంజులాటకు తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పుర్రె లోపల ఇప్పటికే చోటు లేదు. అందుకని ఒక సూది గొంతు పౌరుషం తగ్గించడానికి, ఒకటి నిద్రకు, చివరిది ఒళ్ళంతా వదులు చేయడానికి. చివరి సూది పడ్డాక వాడు చెయ్యి కదపడు, కన్ను తెరవడు, తనంతట తను ఊపిరి కూడా పీల్చడు. ఇప్పుడు ఏ చెయ్యి ఎంత కదిలిందో అందుకే రాసుకున్నానన్నాడు. హైదరాబాద్ డాక్టర్లకు ఆ కాగితమే సాక్ష్యం.

తర్వాత సూది చేతిలోకి తీసుకుని తలెత్తి అడిగాడు. "ఊట ఆయ్తా? ఎప్పుడు తిన్నాడు?"

సిస్టరమ్మ వివరంగా చెప్పింది. "కడుపుల తిండి ఉంటె జెప్పుండ్రి. ఈ సూది వడంగనె ఒళ్ళు పట్టు దప్పుతది. తిన్నదంత పైకొచ్చి ఊపిరితిత్తులల్లకు వోతది. అట్లవోతె తల బాగైనా మనిషి దక్కడు. ఉంటె మేము జేసే తరీక వేరె ఉంటది."

మామ నిటారుగా నిలబడ్డాడు. "ఇయ్యాల ఏకాదశమ్మా. మా పోరడు పొద్దటిసంది మంచినీళ్ళు గూడ ముట్టలె. మాల ఏసుకున్నోడు." అని కొడుకు మెడ వైపు చూశాడు. మెడ బోసిగా ఉంది. "పడ్డకాడ తెగినట్టుంది," అని తనే జవాబు చెప్పుకున్నాడు.

మాల నా జేబులో ఉంది. గుండెకు ఆనుకుని ఉంది. నా అరచేతిలో ఒట్టు తాలూకు నెత్తురు ఎండి పెచ్చు కట్టింది. నేను చెబితే ఈ తల పగులుతుంది. ఆ తల చూస్తే ఇప్పటికే పగిలి ఉంది. చెప్పకపోతే పళ్ళెంలో ఉన్న మూడో సూది చంపుతుంది. అన్నీ కలిపి ఆలోచించడానికి నాకు దొరికింది డాక్టర్ సూదిలోంచి గాలి బుడగ తీసేంత సేపు.

"తిన్నడు," అన్నాను.

మామ గిరుక్కున తిరిగాడు. "ఏయ్, నోర్మూయ్. ఇది నీ దుకాణం బల్ల గాదు. అమ్మా, వీని మాటలు వట్టించుకోకుండ్రి. కోట కందకంల మొసలి గట్టెక్కి చాయ్ దాగి పోయిందని ఊరంత జెప్పినోడు వీడు."

"మొసలి సంగతి అబద్ధమే మామా. ఇది నిజం."

"బీదర్ల పసిపోరన్ని అడుగు. వీడు నిజం జెప్తె నమ్మేటోడు ఒక్కడున్నడా?"

ఉన్నవాడు ఒక్కడే, బల్ల మీద గురకపెడుతున్నాడు. నేను సిస్టరమ్మ వైపు తిరిగి చెప్పాను. "ఒక ప్లేటు ఖీమా, మూడు రొట్టెలు, ఒక చాయ్. తిని గంటన్నరైంది." జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు, ఒక్క రొట్టె కూడా పెంచకుండా చెప్పాను. నమ్మించడానికి ఇంకేం చెయ్యాలో తెలియక జేబులోంచి మాల తీసి మామ చేతిలో పెట్టాను.

ఆయన దానివైపు చూడలేదు. పిడికిలి మాత్రం మూసుకుంది.

డాక్టర్ "సిస్టర్" అన్నాడు. ఆమె అప్పటికే మావాడి తల పక్కన నిలబడి ఉంది. రెండు వేళ్ళతో వాడి కంఠం మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. అట్లా నొక్కితే వెనకున్న ఆహారనాళం మూసుకుపోయి కడుపులోది పైకి రాదట. వార్డుబాయి సెలవులో ఉన్నాడు. నోట్లో ఊరేది లాగే మిషను కాలితో తొక్కేది. డాక్టర్ నా వైపు చూసి, "సైకిల్ తొక్కడం వచ్చుకదా, తొక్కు," అన్నాడు. మామను బయట నిలబడమన్నాడు.

మూడో సూది పడ్డాక చూశాను. వాడి ఒంటి మీద చర్మం కింద చీమల బారు పోయినట్టు కండరాలు వణికాయి. ముఖం, భుజాలు, పొట్ట, పిక్కలు. తర్వాత ఏమీ లేదు. గురక ఆగిపోయింది. ఛాతీ ఆగిపోయింది. తొక్కుతున్న నా కాలు కూడా ఆగబోతే సిస్టరమ్మ కసిరింది. డాక్టర్ దీపమున్న ఇనుప చెంచాలాంటిది నోట్లో పెట్టి తొంగిచూశాడు. గొట్టం లోపలికి జారింది. రబ్బరు సంచి నొక్కితే వాడి ఛాతీ లేచింది. డాక్టర్ తల ఊపాక సిస్టరమ్మ వేళ్ళు తీసింది. తీసిందో లేదో వాడి నోటి నిండా మసాలా రంగు నీళ్ళు వచ్చాయి. నేను తొక్కుతూనే ఉన్నాను. అంతా గాజుసీసాలోకి వచ్చింది. గొట్టం ముందే దాని చోట కూర్చుంది కాబట్టి ఒక్క చుక్క ఊపిరితిత్తుల్లోకి దిగలేదని డాక్టర్ అన్నాడు.

సీసా కడిగి తెమ్మన్నారు. రెండు చేతుల్తో పట్టుకుని బయటికి వచ్చాను. గుమ్మం పక్కనే మామ ఉన్నాడు. సీసాలోకి చూశాడు. ఏం చూశాడో ఇద్దరికీ తెలుసు. భుజం మీది ఉత్తరీయం తీసి సీసా మీద కప్పాడు.

"కప్పుకొని తీస్కపో," అన్నాడు.

నేను దాన్ని తండ్రి దుఃఖం అనుకున్నాను. నా మాట నిజమని ఆయన ఒప్పుకున్న గడియ అనుకున్నాను. చాలా రోజులు అదే అనుకుని బతికాను.

ఆ సాయంత్రమే దవాఖాన వ్యానులో హైదరాబాద్ తీసుకుపోయారు. దారి పొడుగునా డాక్టర్, సిస్టరమ్మ వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూనే ఉన్నారు. అక్కడి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. నాలుగో రోజు కన్ను తెరిచాడు. వారానికి మాట వచ్చింది. నేను ఇరవై రోజులు ఆ ఆసుపత్రి వరండాలో పడుకుని, వాడి గుడ్డలు ఉతికి, గంజి తాగించి, ఆ ఇరవై రోజులూ ఒక్క కోత కూడా కోయకుండా ఉన్నాను. అలవాటు లేని ఉపవాసం వల్ల నేనే ముందు చిక్కిపోయాను.

మేం తిరిగివచ్చేసరికి కమఠాణలో మాట పొక్కి ఉంది. నేనైతే దవాఖాన గది దాటి ఎవరికీ చెప్పలేదు. లారీలు ఆగే హోటల్లో ఎంతమంది కళ్ళున్నాయో ఎవరికి తెలుసు. ఏకాదశినాడు వీణ ఇంటి కొడుకు ఖీమా తిన్నాడట, దేవుడు మైలురాయితో కొట్టాడట అని. నేను చెప్పినా అంత బాగా చెప్పేవాణ్ణి కాదు. భజన పెద్దలు ఆషాఢానికి ముందే సంగతి తేల్చుకోవాలని కూర్చోబోతున్నారు.

దానికి ముందురోజు మావాడు నన్ను వాళ్ళ చెరకు మడి దగ్గరికి రమ్మన్నాడు. తలకు ఇంకా కుల్లాయి ఉంది, వెంట్రుకలు మొలవలేదు. గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం.

"దెబ్బ తాకినోళ్ళకు అంతకుముందటి ముచ్చట యాదికుండదని డాక్టర్లన్నరు," అన్నాను. వాడికి ఒక దారి చూపిద్దామని.

"నాకు యాదికుంది," అన్నాడు. "అంత యాదికుంది. ఒట్టు ఏసింది గూడ."

నేను చెరకు ఆకు ఒకటి తెంపి చీల్చడం మొదలుపెట్టాను.

"ఎందుకు జెప్పినవ్ రా?"

"జెప్పకపోతె సచ్చిపోతుంటివి."

"సస్తె మాలతోని సత్తుంటి." కాస్సేపు మట్టిపెళ్ళలు చిదిపి, మెత్తబడ్డాడు. "రేపు నువ్వే జెప్పు. ఉత్తగ జెప్పిన, వాడేం దినలె అను. నువ్వు ఎన్ని అబద్ధాలు జెప్పలె? ఇదొక్కటి గూడ అండ్లనే కలుస్తది. నీకేం వోతది? నాకు పోతె వీణ వోతది. మా నాయిన బతకడు."

వాడడిగిందేమిటో నాకు తెలుసు. నా బతుకులో ఉన్న ఒక్క నిజాన్ని కూడా కోతల్లో కలిపెయ్యమంటున్నాడు. పక్కన కూర్చుని, భుజం నా భుజానికి తగులుతూ, ఛాతీ లేస్తూ పడుతూ ఉంటే కాదనలేకపోయాను. ఆ ఛాతీ ఆగిపోవడం నేను చూశాను, వాడు చూడలేదు.

"సరె," అన్నాను.

మరునాడు పెద్దల ముందు నిలబడి నా జన్మలో చెప్పిన అన్ని కథలకంటే బాగా చెప్పాను. ఖీమా తిన్నది నేననీ, వాడు బయట వేపచెట్టు కింద కూర్చుని విఠల విఠల అంటున్నాడనీ, దవాఖానలో నాకు మతిపోయి నేను తిన్నది వాడు తిన్నట్టు చెప్పాననీ, నా భయంలో నా కడుపు ఏదో వాడి కడుపు ఏదో తెలియలేదనీ. మొసలిని కూడా ఒకసారి తీసుకొచ్చాను. అందరూ నవ్వారు. మామ కూడా మీసం కింద నవ్వాడు. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఒక ముసలి పెద్ద నెమ్మదిగా అడిగాడు. "అంత బాగనే ఉంది బిడ్డా. మరి మాల నీ జేబులకెట్లొచ్చింది?"

ఇన్ని కోతలు కోసినవాణ్ణి, దానికి కథ అల్లుకోవడం మర్చిపోయాను. దవాఖానలో నేను మాల బయటికి తీయడం ఎవరి నోటనో అందరికీ తెలిసిపోయిందని నాకు తట్టనేలేదు. సాయం కోసం మావాడి వైపు చూశాను. సైకిల్ మీద కథ ఆగిపోతే అందించేవాడు కదా, ఇప్పుడూ ఏదో ఒకటి అందిస్తాడని.

అందించాడు.

"నేను పడ్డప్పుడు వాడే మెడలకెల్లి గుంజుకున్నడు," అన్నాడు, నేల చూస్తూ. "నాకు సోయి లేకుండె. ఎందుకు గుంజుకున్నడో వానికే ఎరుక."

ఎవరూ నవ్వలేదు. స్పృహ తప్పిన వాడి మెడలోంచి తులసిమాల లాగినవాడు. దానికి మా దిక్కు పేరు కూడా లేదు, అంత నీచం. పెద్దాయన మామ వైపు తిరిగి, "నిజమేనా? నువ్వున్నవ్ గద దవాఖానల," అన్నాడు.

నేను మామ భుజం వైపు చూశాను. కొత్త ఉత్తరీయం. పాతది ఆనాడు సీసా మీద కప్పాడు. ఆయన కళ్ళు ఒక్కసారి నన్ను తాకి పక్కకు పోయాయి.

"ఔ," అన్నాడు.

నన్ను భజన ఉన్న చోట అడుగుపెట్టవద్దన్నారు. పండరి గుంపు పోయే బాట మీద ఎదురు రావద్దన్నారు. నేను ఒప్పుకున్నది అబద్ధాలకోరు పేరు. అది నాకు చిన్నప్పటి చొక్కా, ఒంటికి కుట్టినట్టుంటుంది. మాల దొంగ పేరుకు నేనెప్పుడు ఒప్పుకున్నాను? ఆ ఆషాఢంలో వీణ వాడి చేతికి వచ్చింది. వాడు పాలు పోసే దారి మార్చుకున్నాడు. దుకాణం ముందు బల్ల మీద జనం తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా నేను దగ్గరికి జరిగితే జేబులు తడుముకునేవాళ్ళు. అది వేళాకోళమో నిజమో నాకు అర్థమయ్యేది కాదు.

రెండేళ్ళ తర్వాత సైకిల్ సామాన్ల కోసం గుల్బర్గా పోయాను. ఆ డాక్టర్ అక్కడికి బదిలీ అయ్యాడని విన్నాను. నా తరఫున మిగిలిన సాక్షి ఆయనొక్కడే. ఒక్క చీటీ రాసిస్తాడేమో, ఆ రోజు కడుపులో ఏముందో. ఆ చీటీతో ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. పెద్దల ముందు పెట్టేవాణ్ణి కాదనే అనుకుంటాను. నా దగ్గర ఉంటే చాలనిపించింది.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. కాలి మిషను తొక్కినవాడివి కదా అని నవ్వాడు. నేను నాకొచ్చిన బడి కన్నడంలో సంగతంతా చెప్పి చీటీ అడిగాను. ఒక రోగి కడుపులోది ఇంకొకరికి రాసివ్వకూడదన్నాడు. సరే సార్, మీరు నా మాట నమ్మి వాణ్ణి బతికించారు, నాకదే చాలు అన్నాను.

ఆయన కాస్త ఇబ్బందిగా చూశాడు. "నీ మాటా? అదేమీ లేదు. దెబ్బ తగిలి వచ్చిన ఎవరికైనా సరే, కడుపు నిండి ఉందనే అనుకుని చేస్తాం. ఇంట్లోవాళ్ళు ఏం చెప్పినా సరే. సిస్టర్‌కు ముందే చెప్పి ఉంచాను."

"మరి ఎందుకు అడిగారు సార్?"

"అడగాలి. అడిగి కాగితం మీద రాయాలి. నమ్మకూడదు, అంతే."

నేను నోరు తెరిచేటప్పటికే సిస్టరమ్మ వాడి తల పక్కన నిలబడి ఉంది. అది నాకు ఎప్పుడూ తెలుసు. ఆమె వేళ్ళు కంఠం మీదికి పోయింది నా మాట విన్నాకా, వినకముందా అన్నదే ఎంత తలబద్దలు కొట్టుకున్నా తేలదు. నేను ఒట్టు తప్పకపోయినా వాడు బతికేవాడు. మాల నా జేబులోనే ఉండేది, వాడు లేచాక నోరు కడుక్కుని వేసుకునేవాడు. వాడు నన్ను మోసం చేశాడని రెండేళ్ళు కుమిలిన నాకు ఇప్పుడు ఈ మంచి మనిషి మీద కూడా కోపం వచ్చింది. ముందే ఒక్క ముక్క నాకు చెప్పి ఉంటే ఏం పోయేది?

"ఇంతకీ ఎట్లా ఉన్నాడు? ఎడమ చెయ్యి పట్టు వచ్చిందా?" అని అడిగాడు ఆయన. అడిగేటప్పుడు ముందుకు వంగాడు. ఆ కాగితం మీద రాసుకున్న చెయ్యి ఆయనకింకా గుర్తుంది.

"వచ్చింది సార్. వీణ ఆ చేత్తోనే పట్టుకుంటాడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు చాయ్ తెప్పించాడు. నడకెట్లా ఉంది, మాట తడబడుతుందా, తలనొప్పి వస్తుందా, పాత సంగతులు మర్చిపోతున్నాడా అని ఒక్కొక్కటే అడిగాడు. నేను చెబుతూ పోయాను. గుర్రంలా నడుస్తాడన్నాను. పొద్దున్నే పాలు పోసి నా దుకాణంలో కూర్చుంటే లేవడన్నాను. మర్చిపోవడమా, నేను ఎప్పుడో చెప్పిన కథలు కూడా అప్పజెబుతాడన్నాను. ఇంకింత పెంచు భై, ఇది సాలదంటాడని కూడా చెప్పాను. డాక్టర్ ప్రతి మాటా నమ్మాడు.